వైద్యసామాజికశాస్త్రాచార్యుని యెన్నిక : ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి

వాక్యము వలన అర్థము బోధపడుటకు మూడు హేతువులు కావలెనని మన శాస్త్రకారులు నిర్ణయించిరి. అవి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక పదము తన యర్థము పూర్తి యగుటకు మరియొక పదమును కోరుట ఆకాంక్ష. ఆ పదముల యర్థములకు పొత్తు కుదురుట యోగ్యత. వాని నడుమ ఎడము లేకుండుట సన్నిధి. "ఆవు, గుఱ్ఱము, మనిషి, ఏనుగు" అని వరుసగా పలికినచో ఆకాంక్ష లేదు కనుక అది వాక్యము కాదు. "నిప్పుతో తడుపుచున్నాడు" అన్నచో యోగ్యత లేదు. "ఆవును" అని ప్రొద్దున పలికి, "తోలుకొని రమ్ము" అని మాపున పలికినచో సన్నిధి లేదు.

పావగడ తాలూకాలో అల్పసంఖ్యాక భాషా పాఠశాలయందు తెలుగు చెప్పుకొని బ్రతుకుచున్న నాకు, చేతికి వచ్చిన ప్రతి కాగితమును ఈ మూడు తూనికరాళ్ళతో తూచి చూచుట యలవాటైనది. ఇటీవల అట్టి కాగిత మొకటి వచ్చినది. నా పూర్వవిద్యార్థి యొకడు సమాజశాస్త్రమున పట్టము పొంది, రోగుల జీవనమును గూర్చి పరిశోధించి, ఒక విశ్వవిద్యాలయము వారి ఉద్యోగప్రకటనను నాకు చూపించెను. వైద్యసామాజికశాస్త్రము, ఆరోగ్యవిధానము అను విషయములను బోధించుటకు సహాయాచార్యుడు కావలెనని దాని సారాంశము. ఆ విశ్వవిద్యాలయము పేరుతో మనకు పని లేదు. ఇట్టి ప్రకటన లన్నియు ఇంచుమించుగ ఒకే అచ్చున పోసినవి. ఆ ప్రకటన నాలుగు పుటలు. అందు 'అర్హత' యను మాట పదునాలుగు తావుల కలదు. 'రోగి' యను మాట ఒక్క తావునను లేదు. 'గ్రామము' లేదు. అభ్యర్థికి ప్రజలతో మాటలాడుటకు ఏ భాష రావలెనో లేదు. అనగా యోగ్యత యొక్కటే నాలుగు పుటలు నిండి, ఆకాంక్షయు సన్నిధియు లోపించిన వాక్యమది. ఈ లోపము వలన సరిహద్దు తెలుగువారికి కలుగు నష్టమెట్టిదో విమర్శించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

శాస్త్రస్వరూపము

పేరు క్రొత్తగా వినబడినను ఈ శాస్త్రము క్రొత్తది కాదు. 1848లో ప్రష్యా రాజ్యములోని ఎగువ సైలీషియా ప్రాంతమున టైఫస్ జ్వరము ప్రబలి వేలకొలది జనము మరణింపగా, కారణమును విచారించుటకు ప్రభుత్వము రుడోల్ఫ్ విర్కో యను యువవైద్యుని పంపెను. ఆయన వయస్సప్పటికి ఇరువదియాఱేండ్లు. ఆయన మందుల పట్టిక వ్రాసికొని వచ్చి యుండినచో నేడెవ్వరును తలచి యుండరు. జనుల దారిద్ర్యమును, ఆకలిని, అవిద్యను, పాలకుల యుపేక్షను ఆ జ్వరమునకు హేతువులుగా చూపెను. ఆ ప్రాంత జనులు పోలిష్ భాష మాటలాడువారు. అధికారులు జర్మన్ భాష వారు. పోలిష్ భాషకు అధికారస్థానము నీయవలెననుట విర్కో చేసిన సూచనలలో నొకటి. జ్వరమునకు చికిత్సగా భాషకు మన్నన చెప్పిన ఆ వైద్యుని మాట, రాజభాష ఒకటియు ఇంటిభాష మరియొకటియు నైన మా బోటి సరిహద్దువారి చెవిని ప్రత్యేకముగ సోకును.

మన దేశమున 1946లో జోసెఫ్ భోర్ అధ్యక్షతన వెలువడిన సంఘ నివేదిక, వైద్యుడు సమాజమునకు వైద్యుడు కావలెనని చెప్పినది. దాని ఫలముగా వైద్యకళాశాలలలో నివారక, సామాజిక వైద్యశాఖలు వెలసెను. 1951లో అమెరికాలో టాల్కాట్ పార్సన్స్ రోగి యగుట కూడ సమాజమున ఒక పాత్రయేయని, ఆ పాత్రకు హక్కులును విధులును కలవని సిద్ధాంతీకరించెను. రోగము దేహమునకు వచ్చును. కాని 'నేను రోగిని' అని చెప్పుకొనుట, దానిని ఇంటివారు నమ్ముట, పని మాని ఆసుపత్రికి పోవుట, వైద్యుడు వినుట, ప్రభుత్వము వ్యయము భరించుట, ఇవన్నియు సమాజవ్యవహారములు. ఈ వ్యవహారములను పరిశీలించునది వైద్యసామాజికశాస్త్రము. ఆ పరిశీలన ననుసరించి ప్రభుత్వము చేయు నిర్ణయము ఆరోగ్యవిధానము.

మన యాయుర్వేదమునను చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. చరకసంహిత రోగికి చెప్పిన నాలుగు గుణములలో 'జ్ఞాపకత్వము' ఒకటి. అనగా తన బాధను తెలుపగల శక్తి. రోగికి తెలుపగల శక్తి యుండవలెనన్నచో వినువానికి తెలిసికొనగల శక్తి యుండవలదా? ఈ ప్రశ్నయే మన చర్చకు మూలము.

యోగ్యత

విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము వారు 2018లో ప్రకటించిన నియమావళిలో, సహాయాచార్య పదవికి దరఖాస్తు చేసినవారిని వడపోయుటకు నూఱు మార్కుల పట్టిక యొకటి కలదు. పట్టభద్రపరీక్షకు అత్యధికముగ 15, స్నాతకోత్తరపరీక్షకు 25, పీహెచ్‌డీకి 30, జాతీయ అర్హతపరీక్షకు పరిశోధకవేతనముతో కూడ 7, పరిశోధనపత్రములకు ఒక్కొక్కదానికి 2 చొప్పున 10, బోధనానుభవమునకు ఏడాదికి 2 చొప్పున 10, పురస్కారములకు 3. మొత్తము సరిగా నూఱు. ఈ మార్కులు పిలుపునకు మాత్రమే. తుది యెన్నిక ముఖాముఖి పరీక్ష ననుసరించి జరుగునని కూడ ఆ నియమావళి చెప్పుచున్నది.

ఇట్టి పట్టికను ఒక్కసారిగా నిందించుట న్యాయము కాదు. ఇది లేని కాలమున పలుకుబడియు బంధుత్వమును ఎట్టి యెన్నికలు చేసినవో పెద్దలెఱుగుదురు. పల్లెటూరి పిల్లవానికి సిఫారసు లేదు. మార్కులే వాని సిఫారసు. కావున పట్టిక పేదవానికి కొంత రక్ష. అది నేను కాదనను.

కాని గణితమునకును, ప్రాచీనలిపిశాస్త్రమునకును, వైద్యసామాజికశాస్త్రమునకును ఒకే కొలబద్ద చాలునా? గణితాచార్యుడు తన గదిలో కూర్చుండి సత్యమును సాధింపగలడు. వైద్యసామాజికశాస్త్రజ్ఞుని సత్యము రోగి నోట నున్నది. నా విద్యార్థి దరఖాస్తు నింపుచు నన్నొక ప్రశ్న యడిగెను: "సార్, నేను మూడేండ్లు ఊర్లు తిరిగి రోగుల ఇండ్ల కాడ కూర్చొని రాసుకున్న పుస్తకాలు తొమ్మిది ఉండాయి. వాటిని ఏ గడిలో రాయాల?" నేను ఆ పట్టికను రెండుమారులు చదివితిని. వానికి గడి లేదు. అచ్చయిన రెండు పత్రములకు నాలుగు మార్కులు మాత్రము వచ్చినవి.

2025 జనవరిలో చర్చకై వెలువడిన ముసాయిదాలో, పై పదవుల విషయమున భారతీయభాషలలో బోధనను, సమాజసేవను విశిష్టకృషిగా నెంచవలెనని యుండుట కొంత శుభసూచకము. కాని ద్వారము దాటి లోనికి వచ్చినవారికి చేయు మన్నన ద్వారము వెలుపల నున్నవారికి ఎట్లు చేరును?

ఆకాంక్ష

పదము మరియొక పదమును కోరినట్లే, ఒక ప్రాంతము ఒక ఆచార్యుని కోరును. ఆ కోరిక యేమియో ప్రకటనలో నుండవలెను. ఇది కేవలము నా యూహ కాదు. దీనికి నిదర్శనము మా తుమకూరు జిల్లాలోనే కలదు. ఈ సంగతి మనలో పెక్కుమందికి తెలియకపోవుట శోచనీయము.

1960లో బెంగుళూరున జాతీయ క్షయ సంస్థను జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించెను. ఆ సంస్థవారు క్షయను గూర్చిన తమ తొలి పరిశీలనలకు తుమకూరు జిల్లాను క్షేత్రముగ గ్రహించిరి. క్షయ సంస్థ యనగా సూక్ష్మదర్శినులు, ఎక్స్‌కిరణ యంత్రములు, ఔషధజ్ఞులు చాలునని ఎవ్వరైన ననుకొందురు. వారు అంతతో నిలువక సామాజికశాస్త్రమునకు కూడ స్థాన మిచ్చి, వైద్యుడై మానవశాస్త్రము నభ్యసించిన దేవబర్ బెనర్జీని ఆ పనికి నియమించిరి. మన మిప్పుడు చర్చించుచున్న నియామకమునకు ఇంతకంటె దగ్గఱ యుదాహరణము దొరకదు.

అప్పటి పెద్దల తలంపు యిది: పల్లెజనులు అజ్ఞులు, రోగము వచ్చిన సంగతియే వారెఱుగరు, కావున యంత్రములను బండ్లపై నెక్కించుకొని ఊరూరికిని పోయి రోగులను మనమే వెదకవలెను. బెనర్జీ, ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన స్టిగ్ ఆండర్సన్ కలసి తుమకూరు జిల్లా గ్రామములలో క్షయరోగులను విచారించిరి. 1963లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో ఆ వ్యాసము వెలువడెను. ఫలితము తలంపును తలక్రిందులు చేసినది. రోగులలో అత్యధికులు తమ దగ్గును, జ్వరమును, రొమ్మునొప్పిని ఎఱిగియే యున్నారు. పెక్కుమంది దానిని గూర్చి దిగులుపడుచున్నారు. సగమునకు పైగా జనులు తమంతట తామే వైద్యుల చెంతకు పోయి వచ్చిరి. అచట వారికి లభించినది దగ్గుమందు సీసా, కఫపరీక్ష కాదు.

తప్పు రోగిది కాదని, వినని వ్యవస్థదని దీనివలన తేలినది. తన కాళ్ళతో తాను వచ్చిన రోగిని సామాన్య ఆసుపత్రిలోనే కఫపరీక్షచేత గుర్తింపవలెనన్న పద్ధతికి ఈ పరిశీలన బలము నిచ్చినది. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమమునకు ఇట్టి విచారణలే పునాది. జనులు తమంతట తామెఱిగిన అవసరమును ఆధారముగ చేసికొని కార్యక్రమమును నిర్మింపవలెనని బెనర్జీ జీవితాంతము వాదించెను. మన శాస్త్రకారులు ఆకాంక్ష యన్నది ఇదియే కదా! అనంతరము ఆయన ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున సామాజికవైద్య కేంద్రమును నెలకొల్పెను. ఆ కేంద్రమున ఎందఱో శిష్యులు తయారైరి. ఆ విద్యకు మొదటి బడి తుమకూరు జిల్లా పల్లెలని మన మనుకొన్నచో అతిశయోక్తి కాదు.

నేడు మా ప్రాంతపు ఆకాంక్ష యేమి? మొదటిది నీరు. మా భూగర్భజలమున ఫ్లోరైడు హెచ్చు. భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము, వేఱు నీరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వఱకు మాత్రమే తగును. అది మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో పండ్లపై మరకలు పడును, కీళ్ళు బిగియును, వెన్ను వంగును. ఈ వ్యాధిని 1937లోనే నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు మండలమున షార్ట్ మొదలగు వైద్యులు వర్ణించిరి. పటికతోను సున్నముతోను ఫ్లోరైడును తీయు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిరి. రసాయనశాస్త్రము తన పని తాను చేసినది. కాని ఆ పటికను ప్రతిదినము ఎవరు కలుపవలెను? కూలికి తెల్లవారుజామున పోవు ఇల్లాలా? అడుగున పేరిన మడ్డిని ఎచట పారబోయవలెను? బిందె నీటికి రూకలిచ్చుకొనలేని యింటివారు ఏ నీరు త్రాగుదురు? పండ్లు గారపట్టిన పిల్లకు సంబంధము కుదురునా? వీనికి ఉత్తరము రసాయనశాస్త్రమున లేదు.

రెండవది సరిహద్దు. మా తాలూకాకు మూడు వైపుల ఆంధ్రప్రదేశము. మా జనులకు బిడ్డనిచ్చినది మడకశిర, పిల్ల తెచ్చినది కల్యాణదుర్గము, మందునకు పోవునది హిందూపురము. రోగికి గీటు లేదు, ప్రభుత్వమునకు గీటు కలదు. ఏ కార్డు ఏ యూర చెల్లునో, ఏ టీకా వివరము ఏ పుస్తకమున నెక్కునో, పుట్టింట పురుడు పోసికొన్న పడుచు ఏ రాష్ట్రపు లెక్కలోనికి వచ్చునో విచారించువారు కావలెను. ఆరోగ్యవిధానమున ఇంతకంటె చక్కని పరిశోధనవిషయ మేమి కలదు?

సన్నిధి

కొన్నియేండ్ల క్రిందట ఆరోగ్యసర్వేకు ఒక బృందము మా ప్రాంతమునకు వచ్చినది. చదువుకొన్న యువకులు, మర్యాద తెలిసినవారు. ప్రశ్నలు ఇంగ్లీషున పుట్టి కన్నడమున ముద్రితమైనవి. మా తాలూకాలో చాలమందికి రెండు భాషలును వచ్చును; కాని బడి మెట్టెక్కని ముసలివారికి ఇంటి తెలుగే గతి. దారి చూపుటకు నేనును వెంట పోతిని. ఒక అవ్వ వసారాలో కంబము నానుకొని కూర్చున్నది. యువకుడు, "అజ్జీ, నిమగె సుస్తు ఇదెయా?" అని యడిగెను. కన్నడమున 'సుస్తు' అనగా అలసట. అవ్వ తెలుగు చెవికి అది 'సుస్తీ' యని వినబడెను. సుస్తీ యనగా మనకు జబ్బు. "నాకేం సుస్తీ ల్యాదు నాయనా, తిరగతానే ఉండా" అని యామె బదులు చెప్పెను. యువకుడు 'అలసట లేదు' అని గీటు పెట్టెను. వెంటనే ఆమె లేవబోయి, కంబము పట్టుకొని, రెండుమారులు కూలబడి, మూడవమారు లేచెను. ఆ లేచుట కాగితము మీద ఎక్కలేదు. నేను కలుగజేసికొని సంగతి చెప్పగా, ఆ యువకుడు పాపము నొచ్చుకొని, "సార్, గీటు మార్చుటకు వీలు లేదు, యంత్రములో పోయినది" అనెను.

ఒక్క గీటు తప్పినంతమాత్రమున లోకము మునుగదు. కాని అట్టి గీటులను కూడి శాతములు కట్టుదురు. శాతములను చూచి విధానములు వ్రాయుదురు. విధానముల ననుసరించి మందులు పంపుదురు. అవ్వ లేవలేకపోవుట ఎక్కడను చేరకయే పోవును.

మన తెలుగున రోగమును చెప్పు మాటల సంపద గొప్పది. 'వేడి చేసినది' యన్నచో జ్వరము కాదు. నోటిపూత మొదలు మూత్రపు మంట వఱకు దాని వ్యాప్తి. 'నెమ్ము చేరినది' యన్నచో రొమ్మున చేరిన కఫము. 'ఒంట్లో నలత' యన్నచో పేరు పెట్టుటకు రాని తొలిదశ. 'గాలి సోకినది' యన్నచో భయము కలసిన బాధ. 'అమ్మవారు పోసినది' యన్నచో ఆ రోగము నెడ భక్తియు, అందుచేత ఆసుపత్రికి పోవుటకు సంకోచమును. ఒక్కొక్క మాట వెనుక రోగహేతువును గూర్చిన ఒక్కొక్క సిద్ధాంతము కలదు. నిఘంటువులో అర్థము చూచి దీనిని గ్రహింపలేము. చెంత కూర్చుండి వినవలెను. అదియే సన్నిధి.

ఆక్షేపసమాధానములు

ఇచట విజ్ఞులు ఆక్షేపింపవచ్చును. విశ్వవిద్యాలయము విశ్వమునకు చెందినది. ఊరివానికే యుద్యోగమన్నచో ప్రతిభకు తలుపు మూసినట్లగును. తెలుగు బిడ్డలు లోకమంతట ఆచార్యపదవుల నధిష్ఠింపగా, మన యింట పరాయివారు వలదనుట న్యాయమా?

ఈ యాక్షేపము బలమైనది. దానికి బెనర్జీ వృత్తాంతమే సమాధానము. ఆయన వంగీయుడు, ఆండర్సన్ విదేశీయుడు. వారు తుమకూరున పుట్టినవారు కారు. అయినను తుమకూరు రోగి మాట వినిరి. కనుక నే కోరునది జన్మ కాదు, శ్రవణము. ఇక్కడ పుట్టి, పట్టణమున చదివి, అవ్వ మాట విని నవ్వువాని కంటె, ఎక్కడనో పుట్టి ఇక్కడి మాట నేర్చువాడు మనకు మేలు.

భాష నేర్వుమనుట పెద్ద శిక్షయు కాదు. 1812లో మద్రాసున ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాల నెలకొల్పి, కుంపిణీవారు తమ యువోద్యోగులకు దేశభాషలు నేర్పించి పరీక్షించిరి. 1817లో మద్రాసునకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను అచటనే తెలుగున ఓనమాలు దిద్ది, 1820లో కడపకు పోయెను. తరువాతి కథ ప్రతి తెలుగువా డెఱిగినదే. శిస్తు వసూలు చేయుటకు పరదేశి వర్తకులు తమ కొలువువారికి విధించిన నియమమును, ప్రాణము కాపాడుటకు మన విద్యాపీఠములు విధింపలేవా?

కన్నడము మాకు రాజభాష, అన్నము పెట్టిన భాష. దాని గౌరవమునకు భంగము కలుగవలెనని నా యభిప్రాయము కాదు. కన్నడము తప్పక రావలెను; తెలుగువారున్నచోట తెలుగును, ఉర్దూవారున్నచోట ఉర్దూయు చెవికి పరిచయము కావలెనని మాత్రమే మనవి.

సూచనలు

పై విచారణను బట్టి నాకు తోచిన నాలుగు మాటలు విన్నవించుచున్నాను. మొదటిది: ఇట్టి పదవికి వెలువరించు ప్రకటనలో, ఆ ప్రాంతమున పరిశోధింపవలసిన ఆరోగ్యసమస్యలు రెండు మూడైనను పేర్కొనవలెను. అప్పుడు అభ్యర్థి దేనికి బదులు చెప్పవలెనో ఎఱుగును. రెండవది: ముఖాముఖి పరీక్షకు ముందు రెండుదినములు ఏదైన నొక గ్రామమున నుండి, అచట తాను వినినదానిని అభ్యర్థి సంఘము నెదుట చెప్పవలెను. వినువారిలో ఒక దాదియో, ఊరి ఆశాకార్యకర్తయో ఉండవలెను. మూడవది: ఎన్నికైనవారు రెండేండ్లలో ప్రాంతభాషలలో మాటలాడి వ్రాయగల శక్తిని సంపాదింపవలెను. నాలుగవది: క్షేత్రమున వ్రాసికొన్న విచారణగ్రంథములను పరిశీలించి, వానికిని పట్టికలో ఒక గడి కల్పింపవలెను.

మన తెలుగు సంఘములకును కర్తవ్యము కలదు. పద్యములకు పోటీలు పెట్టుచున్నాము, సంతోషమే. దానితోబాటు సరిహద్దు తాలూకాలలో రోగములకు జనులు వాడు మాటలను సేకరించి, కన్నడార్థములతో ఒక చిన్న పదకోశమును కూర్చి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకు చేర్చవలెను. మా పాఠశాలల పిల్లలు తమ అవ్వల నడిగి ఒక వేసవిలో ఈ పని చేయగలరు. నేనీ యేడు మా బడిలో మొదలిడితిని. 'సుస్తీ' మొదటి పదము.

నా విద్యార్థి దరఖాస్తును పంపినాడు. వాని తొమ్మిది పుస్తకములు పెట్టెలోనే యున్నవి. వానికి ఆ యుద్యోగము రావలెనని నేను వ్రాయుట లేదు. అంతకంటె వినగలవారు దొరకినచో వారికే రానిండు. కాని వినుట యనునది యోగ్యతలో నొక భాగమని ఆ ప్రకటన ఒప్పుకొనవలెను. ఆకాంక్షయు సన్నిధియు చేరినప్పుడు గదా యోగ్యతకు సార్థకత! పండితులును, విద్యాధికారులును ఈ విషయమును నిష్పాక్షికబుద్ధితో యోచింతురు గాక.